లైన్‌లో ఖాళీ

అనుమానించడానికే నాకు జీతమిస్తారు. కార్ల సీట్ల కింద ఉండే ఇనుప ఫ్రేములు తయారుచేసే కంపెనీల మీద ఓ కన్నేసి ఉంచడం అమెరికాలో నోవై అనే ఊళ్ళో నా ఉద్యోగం. ఫ్రేము విరిగిందని మేం ఫిర్యాదు చేస్తే, లోపాన్ని ఎలా సరిదిద్దారో ఆ కంపెనీ మాకు రాసి పంపాలి. చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: ఆపరేటర్‌కి మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చాం. నిజానికి వెల్డింగ్ మిషన్ పాతబడి ఉంటుంది. దాన్ని మార్చాలంటే పెద్ద పని, మనిషిని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పడం చిన్న పని. విరిగింది ఒకచోటైతే కట్టు కట్టేది ఇంకొకచోట. ఇలాంటి జవాబులు చదివీ చదివీ నాకు ఎవరే మాట చెప్పినా దాని వెనక ఏముందోనని వెతకడం అలవాటైపోయింది. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. బెండకాయ తుంచి చూస్తే చూశారు గానీ, పెరుగు డబ్బా మూత కూడా తీసి చూస్తారేమిటని షాపులో నాకు దూరంగా నిలబడుతుంది.

ఇలాంటివాడి కొడుకు ఫుట్‌బాల్‌లో పడ్డాడు, కాలితో తన్నేది కాదు, ఇక్కడివాళ్ళు చేత్తో పట్టుకుని ఆడేది. మా రెండు వైపులా ఎవరికీ లేని పొడుగూ వెడల్పూ వాడికి ఎలా వచ్చాయో తెలియదు. హైస్కూల్ వరండాలో నడుస్తుంటే కోచ్ చూసి లాక్కుపోయాడు. నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాం. నాలుగేళ్ళూ ఆడాడు. వాడు ఆడేది సెంటర్. ఆట మొదలయ్యేటప్పుడు బంతి వాడి చేతిలోనే ఉంటుంది. వంగి, కాళ్ళ మధ్యనుంచి దాన్ని వెనక నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి అందించి, ఆ మరుక్షణమే మీదికొచ్చే మనిషికి అడ్డు నిలవాలి. వాడికి అటూ ఇటూ ఇంకో నలుగురు అలాగే అడ్డు నిలుస్తారు. ఈ ఐదుగురి వరసనే లైన్ అంటారు. లైన్ గట్టిగా ఉంటే వెనకవాడు తాపీగా బంతి విసురుతాడు. లేకపోతే కింద పడతాడు. టీవీ వాళ్ళు చూపించేది విసిరినవాణ్ణీ, పట్టుకున్నవాణ్ణీ. మావాడి వీపు తప్ప మొహం ఎప్పుడూ కనపడేది కాదు.

మా ఇంటికి కొన్ని గంటల డ్రైవ్‌లో ఉన్న ఒక యూనివర్సిటీ తమ టీమ్‌లోకి రమ్మని మావాణ్ణి అడిగింది. సరే, వాకబు చేయాలి కదా. ఆ ఏడాది ప్రతి శనివారం కాఫీ కప్పు పట్టుకుని వాళ్ళ ఆటలు చూశాను. వాళ్ళ జబ్బేమిటో తెలుసుకోవడానికి ఇంజినీరు కూడా అక్కర్లేదు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోవడమే తరువాయి, వీపు నేలకి తగిలేది. లేచి గడ్డి దులుపుకుని మళ్ళీ నిలబడేవాడు, మళ్ళీ పడేవాడు. లైన్ జల్లెడలా ఉంది.

ఏటా డిసెంబర్‌లో ఒక్కో కాలేజీ, తాము తీసుకుంటున్న హైస్కూల్ పిల్లల పేర్లు ప్రకటిస్తుంది. దాన్ని రిక్రూటింగ్ క్లాస్ అంటారు. ఒక్కో పిల్లాడికి ఇన్ని స్టార్లని వెబ్‌సైట్లు ముందే ఇచ్చేస్తాయి. ఎవరి క్లాస్‌లో స్టార్లు ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టే అభిమానులు పండగ చేసుకుంటారు, ఆట ఒక్కటి కూడా మొదలుకాకుండానే. ఆ యూనివర్సిటీ క్లాస్‌లోకి ఎవరెవరు రాబోతున్నారో నేను ముందే చూశాను. బంతి పట్టుకునే రిసీవర్లు, గాలిలా పరిగెత్తేవాళ్ళు, మళ్ళీ రిసీవర్లు. విసరకముందే కింద పడిపోయేవాడికి, పట్టుకునేవాళ్ళు ఎందరుంటే ఏం లాభం? నాకు వెంటనే అర్థమైంది. ఇది ఆపరేటర్ ట్రైనింగే. అంతమందిలో లైన్‌కని తీసుకుంటున్నది మావాణ్ణొక్కణ్ణే. అది ఇంకా అనుమానం. లోపం తెలిసి తీసుకుంటున్నారా, అడిగినవాళ్ళకి చూపించడానికి ఒకణ్ణి పెట్టుకుంటున్నారా?

ఈ ప్రశ్నలన్నీ మనసులో పేర్చుకుని ఉండగా ఆ యూనివర్సిటీ లైన్ కోచ్ మా ఇంటికొచ్చాడు. తీసుకోబోయే పిల్లాడి ఇంటికి కోచ్ వెళ్ళి, తల్లిదండ్రులతో కూర్చుని, వాళ్ళు పెట్టింది తినడం ఇక్కడి ఆనవాయితీ. బయట మంచు దంచి కొడుతోంది. ఆయన గుమ్మంలోనే బూట్లు విప్పి, ఎవరూ చెప్పకుండానే పక్కకి పెట్టాడు. మా ఆవిడ నాకేసి చూసింది. మొదటి మార్కు పడిపోయింది.

భోజనాల దగ్గర నేను సప్లయర్‌ని అడిగినట్టే అడిగాను. మీ క్వార్టర్‌బ్యాక్ ఇన్నిసార్లు పడుతుంటే మీరు రిసీవర్లని ఎందుకు తెచ్చుకుంటున్నారు? మావాడు బల్లకింద నా కాలు తొక్కాడు. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. మా లైన్ బాగాలేదు, అది నిజం, అందుకే మంచులో ఇంత దూరం వచ్చాను అన్నాడు. నా సర్వీసులో లోపం ఉందని తనంతట తాను ఒప్పుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఇంతలో ఆయన ఫోర్క్ పక్కన పెట్టి, మావాడు తింటున్న తీరు చూసి, గోంగూర పప్పు అన్నంలో వేసుకుని చేత్తో కలిపాడు. ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రబడ్డాయి, ఆపలేదు. ఇంకొంచెం పెట్టమన్నాడు. అంతే, మా ఇద్దరి పని అయిపోయింది. చేత్తో తిని మారు అడిగిన మనిషిని అనుమానించే తెలుగు ఇల్లు భూమ్మీద ఉందా? క్లాస్‌ని అనుమానించాను, స్టార్లని అనుమానించాను, యూనివర్సిటీని అనుమానించాను. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషిని మాత్రం వదిలేశాను. డిసెంబర్‌లో మావాడు ఆ యూనివర్సిటీకి సంతకం చేశాడు.

జనవరిలో ఆ కోచ్ వేరే రాష్ట్రంలో ఇంకా పెద్ద యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. మావాడికి ఒక మెసేజ్ పెట్టాడు, నీ మీద నాకు నమ్మకం ఉంది అని. కొత్తగా వచ్చిన కోచ్ మావాణ్ణి అంతకుముందు చూడనైనా లేదు. ఆయన చేసిన మొదటి పని, ఇంకో కాలేజీలో అప్పటికే ఆడుతున్న సీనియర్ సెంటర్‌ని తెచ్చుకోవడం. ఇప్పుడు ఒక కాలేజీలో ఆడేవాళ్ళు పోర్టల్ అనే లిస్టులో పేరు పెట్టుకుని ఇంకో కాలేజీకి మారిపోవచ్చు. అంటే, డిసెంబర్లో బ్యాండు మేళంతో ప్రకటించిన క్లాస్ ఒకటీ, జనవరిలో చడీచప్పుడు లేకుండా నింపుకునే ఖాళీలు ఒకటీ. పాత కోచ్ మాకు అరచేతిలో వైకుంఠం చూపించి వెళ్ళిపోయాడని మా ఆవిడతో అన్నాను. "పాపం, ఆకలితో తిన్నాడండీ, నటన కాదు" అంది ఆవిడ.

మొదటి సీజనంతా మావాడు ఆడకుండా మైదానం గీత పక్కనే నిలబడ్డాడు. సొంత మైదానంలో ఆట ఉన్న ప్రతి శనివారం పొద్దున్నే లేచి డ్రైవ్ చేసి వెళ్ళేవాళ్ళం. వాడి జెర్సీ ఇస్త్రీ పెట్టినట్టుండేది. ఆ సీనియర్ సెంటర్ పరవాలేదు గానీ అటూ ఇటూ ఉన్నవాళ్ళు మామూలే, క్వార్టర్‌బ్యాక్ పడుతూనే ఉన్నాడు. లైన్‌కి మనుషుల్ని తెచ్చుకోరా, మీకు కళ్ళు లేవా అని నేను స్టాండ్స్‌లో కూర్చుని తెలుగులో గొణుగుతూనే ఉన్నాను. ముందు వరసలోని తల్లులకు భాష తెలియకపోయినా భావం తెలిసేది, ఇబ్బందిగా కదిలేవాళ్ళు. మావాడు మాత్రం ఒక్కరోజు ఫిర్యాదు చేయలేదు. సీనియర్ వచ్చే ఏడాదితో వెళ్ళిపోతాడు, ఆ తర్వాత చోటు నాదే నాన్నా అనేవాడు. వాడికి ఉన్నదల్లా ఆ ఒక్క ఆశే. దానికోసం తెల్లవారుతూనే లేచి బరువులెత్తాడు, అన్నం కొలిచి తిన్నాడు, మెడ నా తొడంత చేశాడు.

ఆ సీనియర్ చివరి సీజన్‌లో, అక్టోబర్‌లో ఒక శనివారం. ఆటకి ముందు కార్ల పార్కింగ్‌లో గుడారం వేసి, లైన్ ఆడే పిల్లల కుటుంబాలన్నీ కలిసి తినడం మా అలవాటు. మా ఆవిడ మసాలా వడలు తెచ్చింది. యూనివర్సిటీ వాళ్ళు ఒక తండ్రినీ కొడుకునీ మా గుడారానికి తీసుకొచ్చి పరిచయం చేశారు. వచ్చే ఏడాది క్లాస్‌కి అడుగుతున్న పిల్లాడట. రెండు రోజులు కాలేజీ చూడటానికి వచ్చారు. పిల్లాడు తలుపుకి అడ్డం పెట్టే గడియమానులా ఉన్నాడు. ఏ పొజిషన్ అని అడిగాను. సెంటర్. స్టార్లు కూడా బాగానే ఉన్నాయి. ఈ రెండు రోజులూ వాడికి తోడుండి అన్నీ చూపించే పని ఎవరికి అప్పజెప్పారో తెలుసా? మావాడికి.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా నేను గొణిగిందే కదా ఇది. లైన్‌కి మనుషుల్ని తెచ్చుకోమన్నాను, తెచ్చుకుంటున్నారు. ఎట్టకేలకు జబ్బున్న చోటే మందు వేయబోతున్నారు. తీరా చూస్తే ఆ మందు వేసేది మావాడు నిలబడాల్సిన చోట. కక్కలేక మింగలేక వడ ప్లేటు పట్టుకుని నిలబడ్డాను.

ఆ తండ్రి ఇళ్ళ పైకప్పులు వేయించే కాంట్రాక్టరు. కొడుకులిద్దరూ స్టేడియం లోపలికి వెళ్ళాక నన్ను పక్కకి పిలిచాడు. మీరు రెండేళ్ళనుంచి చూస్తున్నారు కదా, నిజం చెప్పండి, వీళ్ళకి లైన్‌ని బాగుచేసే ఉద్దేశం ఉందా, లేక అందరికీ చెప్పే మాటే మాకూ చెబుతున్నారా అన్నాడు. అక్షరాలా నా ప్రశ్న. నాకు ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న. ఉందంటే వాళ్ళబ్బాయి వస్తాడు, మావాడి చోటు పోతుంది. లేదంటే అది నిజమే, కానీ ఆ నిజం మావాడికే పనికొస్తుంది. ఏది చెప్పినా నా మీద నాకే అనుమానం. సరే, ఉన్నది ఉన్నట్టు చెబుదామనుకున్నాను. మీ ఇంటికొచ్చి మాటిచ్చిన కోచ్ రేపు ఇక్కడ ఉంటాడని నమ్మొద్దన్నాను. ప్రతి క్లాస్‌లోనూ రిసీవర్లే ఎక్కువన్నాను. అవసరమైతే మీవాడి మీదికి కూడా పోర్టల్‌నుంచి ఇంకొకణ్ణి తెస్తారన్నాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు, మీ అబ్బాయి ఆడేది ఏ పొజిషన్ అని.

చెప్పాను. ఆయన నవ్వి నా భుజం తట్టాడు. అర్థమైందన్నాడు. ఆ నవ్వులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన చోట నేనున్నా ఇలాంటి మాట నమ్మేవాణ్ణి కాదు.

ఆ రోజు ఆట ఓడిపోయాం. చివరి నిమిషాల్లో సీనియర్ సెంటర్ పక్కకి ఒరిగిపోతే, ఆ సందులోంచి వచ్చినవాడు క్వార్టర్‌బ్యాక్‌ని పడేసి బంతి లాక్కున్నాడు. ఆట అయ్యాక మావాడు తడి జుట్టుతో పార్కింగ్‌కి వచ్చాడు. మా ఆవిడ వడల డబ్బా తెరిచి చేతికిచ్చింది. ఆ తండ్రితో నేనేం మాట్లాడానో చెప్పాను. వాడి ధైర్యం కోసం, ఇలాంటి చోటికి వాళ్ళు రారులే అని కూడా అన్నాను. మావాడు నములుతున్నది ఆపాడు.

"నేను వాణ్ణి రమ్మన్నాను నాన్నా."

"నీ పొజిషనే కదరా వాడిది."

"ఐ నో. వాడి వీడియోస్ అన్నీ చూశా. వాడు నాకంటే బెటర్. ఇవాళ గేమ్ నువ్వు కూడా చూశావ్ కదా. మాకు సెంటర్ కావాలి."

"మరి నువ్వు?"

"సెంటర్ పక్కన గార్డ్‌గా ట్రై చేస్తా. అవ్వకపోతే కూర్చుంటా." డబ్బాలోకి చూసి అన్నాడు, "అమ్మా, ఇంకొకటి ఉందా?"

మా ఆవిడ డబ్బా మొత్తం వాడి ఒళ్ళో పెట్టింది. తండ్రిగా అప్పుడు గర్వపడాలని నాకు తెలుసు. పడలేదు. వాడి మీద పిచ్చి కోపం వచ్చింది. ఇన్ని తెల్లవారుజాముల్లో లేచింది ఇందుకా అని అరవాలనిపించింది. ఇంటికి వెళ్ళే దారంతా మా ఆవిడే డ్రైవ్ చేసింది. వాణ్ణి ఎవరైనా అలా చెప్పమన్నారేమో, కోచ్ బలవంతపెట్టాడేమో అని నేను దారి పొడుగునా వెతికాను. వాడి గొంతు మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకున్నాను. వెనక ఏమీ లేదు. వాడు టీమ్‌లో ఏం తక్కువో చూశాడు, ఆ తక్కువ తనే కావచ్చని కూడా చూశాడు, అంతే.

డిసెంబర్‌లో క్లాస్ ప్రకటించిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. వెబ్‌సైట్ తెరవకముందే మావాడి మెసేజ్ వచ్చింది. ఆ పిల్లాడు సైన్ చేశాడనీ, లైన్ ఫిక్స్ అయిపోతుందనీ, పక్కన నవ్వుతున్న బొమ్మతో. కంగ్రాట్స్ అని టైప్ చేశాను. పంపడానికి మాత్రం చాలాసేపు పట్టింది.