నారింజ రంగు బెండు

దయ్యాలంటే నమ్మకం లేదని మొదలుపెట్టి, తర్వాత ఏదో చూశానని చెప్పేవాళ్లంటే నాకు మహా చిరాకు. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా పనిచేస్తాను. కొలవడం, రాసుకోవడం, ఇదే నా ఉద్యోగం. చిన్నప్పుడు చర్చిలో పాస్టరుగారు దురాత్మల గురించి చెబుతుంటే కూడా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు నేనూ ఆ చిరాకు మనుషుల్లో చేరాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మాది సురంగల్. మా అన్న దావీదు నాకంటే ఆరేళ్లు పెద్ద. మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ నుంచి చేవెళ్ల దాకా షేర్ ఆటో నడిపేవాడు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని. శనివారం మధ్యాహ్నం మాత్రం మా ఇద్దరిదీ. గాలాలు పట్టుకుని ఊరి బయట చెరువుకు పోయి, తుంగ పక్కన ఒక బండ మీద కూర్చునేవాళ్లం. చేప పడిందా లేదా అన్నది పెద్ద సంగతి కాదు. రెండు మూడు గంటలు ఎవరూ మమ్మల్ని ఏమీ అడగరు, అదే సుఖం. ఇద్దరం కలిపి పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ.

నీళ్ల మీద తేలుతూ, చేప ఎర పట్టగానే మునిగే బెండు దగ్గర మాత్రం అన్న పట్టిన పట్టు విడిచేవాడు కాదు. దుకాణంలో కొన్న బెండ్లు ముట్టుకోడు. హవాయి చెప్పు మడమ దగ్గర గుండ్రంగా కోసి, మధ్యలో దబ్బనంతో పొడిచి, దారం దూర్చి, అది జారకుండా చీపురుపుల్ల బిగించేవాడు. ఆ పుల్లను నిలువునా చీల్చి సగమే వాడేవాడు. అలా ఇంకెవరూ చేయగా నేను చూడలేదు.

ఇక లోతు. ఎర, అడుగునున్న బురదకు నాలుగు వేళ్లు పైన వేలాడాలి. అందుకని వెళ్లిన ప్రతిసారీ దారానికి ఇనుప నట్టు కట్టి నీళ్లలోకి దించి, మూరలతో కొలిచి, అప్పుడు బెండును ఆ కొలత దగ్గర బిగించేవాడు. నేను బద్ధకించి పాత కొలతతోనే వేస్తే ఊరుకునేవాడు కాదు.

"నీళ్లెంతున్నయో చూడకుంట బెండు కడ్తవేంది తమ్మీ? పోయిన వారం నీళ్లు ఇయ్యాల ఉంటయా?"

రెండేళ్ల కిందట అన్నకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటో అమ్మేసి, సిటీలో దవాఖాన దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని అన్నా వదినా అక్కడే ఉన్నారు. టీ, చారు అన్నీ కలిపి రోజుకు ఒక లీటరు మించకూడదన్నారు. వదిన నీళ్ల సీసా మీద పెన్నుతో గీతలు గీసి ఇచ్చేది. బాగుపడతాడని ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు.

ఆదివారం చర్చి అయ్యాక నేను అక్కడికి వెళ్లేవాణ్ణి. వెళ్లినప్పుడల్లా ఒకటే మాట.

"ఒక్కసారి చెరువుకు తీస్కపో తమ్మీ. గాలం వెయ్య. ఉత్తగనే కూసుంట."

మెడ దగ్గర పైపు పెట్టారు. మట్టి, మురికినీళ్లు తగిలితే ఇన్ఫెక్షన్ వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. పైగా అన్ని నీళ్లు కళ్లముందు కనబడితే ఆగలేక దోసిలి పడతాడేమోనని నా భయం. ఎన్నిసార్లని కాదంటాం? ఒక ఆదివారం నా నోట్లోంచి అబద్ధం వచ్చేసింది.

"చెరువు ఎండిపోయిందే అన్నా. సుక్క నీళ్లు లెవ్వు."

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి కాబట్టి నమ్మాడు. నిజానికి నీళ్లు మా బండను ఆనుకునే ఉన్నాయి.

"మరి కొర్రమట్టలు?" అన్నాడు.

"బురదల పండుకున్నయేమో."

"పండుకుంటయి. వానొస్తే లేస్తయి."

ఆ తర్వాత ఇంకెప్పుడూ చెరువు మాట ఎత్తలేదు. సిటీలో వాన పడ్డ రోజు కూడా అడగలేదు. నేను మాత్రం ప్రతి శనివారం చెరువుకు పోతూనే ఉన్నాను. మర్నాడు అన్న దగ్గరికి వెళ్లేముందు నీచు వాసన తెలియకుండా చేతులకు నిమ్మచెక్క రుద్దుకునేవాణ్ణి. రాయడానికి సిగ్గుగా ఉంది.

కొన్ని వారాలకు, ఒక బుధవారం అన్నకు చలిజ్వరం వచ్చింది. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. ఏ చెరువు బురదా తగలకుండానే వచ్చింది. అదే రోజు స్పృహ తప్పింది, ఐసీయూలో పెట్టారు.

ఆ శనివారం నేను చెరువుకు పోయాను. అన్న ఆ స్థితిలో ఉంటే గాలం ఎలా వేశావురా అని మీరు అడగొచ్చు. లోపలికి సాయంత్రం ఆరింటికే వదులుతారు, అదీ ఐదు నిమిషాలు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. నాకు తెలిసిన మందు అదొక్కటే. గురువారం పెద్ద వాన పడి నీళ్లు పెరిగాయి. నట్టు దించి కొలిచి, అడుగున నాలుగు వేళ్లు వదిలితే, గాలానికి పైన రెండు మూరల మూడు వేళ్ల దగ్గర బెండు కట్టాల్సి వచ్చింది. ఈ కొలత గుర్తుపెట్టుకోండి.

మూడు గంటలప్పుడు తుంగ పక్కన ఇంకో బెండు కనిపించింది. నారింజ రంగు. చుట్టుపక్కల మనుషులెవరూ లేరు. గాలి కట్ట వైపు వీస్తోంది, అది గాలికి ఎదురుగా నా వైపు వస్తోంది. చేపేదో గాలం మింగి దారం తెంపుకుని తిరుగుతోందనుకున్నాను. అలా జరుగుతూనే ఉంటుంది. కర్ర కొనతో దారాన్ని చిక్కించుకుని లాగాను. జానెడు కొర్రమట్ట. గాలం విప్పి వదిలేశాను. ఆ పూట చేప మీద మనసు లేదు.

బెండు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. చెప్పు మడమ ముక్క. పైన తెలుపు, కింద నారింజ. మధ్యలో దబ్బనం రంధ్రం, అందులో నిలువునా చీల్చిన చీపురుపుల్ల సగం. అన్న చేతి పనే. ఎప్పటిదో పాతది అనుకుందామంటే రబ్బరు కొత్తది. నాచు పట్టలేదు. తెల్లవైపు ఏదో అంకె సగం తెగి ఉంది. ఆ బెండు దారాన్ని నా దారం పక్కన పరిచి కొలిచాను. గాలం నుంచి బెండు దాకా రెండు మూరల మూడు వేళ్లు. వాన పడ్డది గురువారం. అన్న బుధవారం నుంచి మంచం మీద కదల్లేదు.

బెండు జేబులో వేసుకుని సిటీకి బయల్దేరాను. దారి పొడవునా ఒకటే అనుకున్నాను. నిజం చెప్పేయాలి. చెరువు ఎండలేదు, నీతో అబద్ధమాడాను అని చెప్పాలి. వింటాడో లేదో, చెప్పడం నా పని. తీరా మంచం పక్కన నిలబడి, పైపుల మధ్య ఆ మొహం చూశాక ధైర్యం చాలలేదు. పెదాలు ఎండి పగిలిపోయాయి. చెవి దగ్గరికి వంగాను.

"అన్నా, వానలు పడ్డయి. చెరువు ఇప్పుడే నిండింది. నువ్వు లే, పోదాం."

అబద్ధం మీద ఇంకో అబద్ధం. నర్సు టైమైందంది.

బయట వరండాలో వదిన అన్న సామాన్ల కవర్లోంచి టవల్ తీస్తుంటే ఒక చెప్పుల జత జారి కింద పడింది. నారింజ రంగు అడుగు. ఎక్కడివని అడిగాను.

"మంగళారం నేనే కొన్న. పాతయి జారుతున్నయంటే. ఒక్క దినం తొడిగిండు, గంతే." ఒక చెప్పు తిప్పి చూసింది. "అయ్యో, గిదేంది, గింత బొక్క పడ్డది? ఎలుక కొరికిందా?"

ఎలుక అంత గుండ్రంగా కొరకదు. జేబులోంచి ముక్క తీసి, పుల్ల ఊడదీసి, అందులో పెట్టాను. సరిగ్గా కూర్చుంది. వదులు లేదు, బిగువూ లేదు. చెప్పు మీద సగం తెగిన తొమ్మిది అంకె పూర్తయింది.

వదిన నా మొహం చూసింది.

"ఏడ దొరికింది సామేలూ?"

చెరువులో అంటే, చెరువు ఎండలేదని ఆమెకూ చెప్పాలి. తన మనిషి ఆ ఒక్క కోరిక తీరకుండానే పోతున్నాడని, కాదన్నది చెరువు కాదు నేనని చెప్పాలి.

"ఈడనే, మెట్ల కాడ" అన్నాను.

సోమవారం పొద్దున అన్న పోయాడు. కళ్లు తెరవనేలేదు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. కవరు తన చేతిలోంచి పోలేదని, కునుకు తీసినా తల కింద పెట్టుకున్నానని వదిన అంటుంది. ఎవరో ముక్క కోసి సురంగల్ దాకా తెచ్చారనుకున్నా, వాళ్లకు చీపురుపుల్ల సంగతి ఎలా తెలుస్తుంది? మతి తప్పి నేనే చేశానేమోనని కూడా ఆలోచించాను. గురువారం, శుక్రవారం నేను కాలేజీలోనే ఉన్నాను, హాజరు పట్టీలో సంతకాలున్నాయి. ఆ చెప్పులను నేను చూసిందే శనివారం సాయంత్రం.

చెరువుకు పోవడం మానేశాను. గాలం కర్రలు అటక మీద ఉన్నాయి. బెండు నా బీరువాలో ఉంది. వదినకు ఈ రోజుకీ ఏమీ చెప్పలేదు.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ శనివారం నాటికి అన్న ఊపిరి ఇంకా ఆడుతూనే ఉంది, ఇక దయ్యం మాటెక్కడిది? ఎలా జరిగిందో నేను చెప్పలేను. నన్ను తినేస్తున్నది అది కూడా కాదు. ఆ మధ్యాహ్నం మూడింటికే చెరువులో నీళ్లెంతున్నాయో అన్న కొలిచేసి ఉన్నాడు. ఆరింటికి నేను వెళ్లి, చెవి దగ్గరికి వంగి, ఇప్పుడే నిండిందని చెప్పాను.