ఊరి పేరు చెప్పని కాసెట్

1990 సెప్టెంబరు 14, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలు. బ్నీద్ అల్ గార్ పేటలో నా గది. ఉన్నవాళ్లు: నేను, షుఐబా రిఫైనరీలో నాతో పనిచేసే కోనసీమ ఫిట్టరు, మా వెనక వీధి ఇంట్లో పనిమనిషిగా ఉన్న కడప ఆవిడ.

నా డైరీలో ఆ పేజీ అలా మొదలవుతుంది. మేమున్న ఊరికి పేరు మారి అప్పటికి రెండు వారాలు దాటింది. ఆగస్టులో కువైట్‌ను ఆక్రమించుకున్న ఇరాక్, కువైట్ నగరాన్ని ఇకపై కాదిమా అనాలని రేడియోలో చెప్పింది. ఉన్నట్టుండి ఊరి పేరు మార్చేస్తే జనం నోట ఎలా మారుతుందో చూడాలని నాకు కుతూహలం. కొత్త పేరు ఎక్కడ విన్నానో రోజూ రాసుకునేవాణ్ణి. రొట్టెల దుకాణం వరసలో ఒక్కరూ అనలేదు. చెక్‌పోస్టుల్లో మాత్రం పాత పేరు అన్నవాళ్లను సైనికులు పక్కకు లాగేవారు.

మర్నాడు ఉదయం ఫిట్టరు బస్సులో బస్రా మీదుగా జోర్డాన్‌కు, అక్కడినుంచి ఇంటికి బయల్దేరుతున్నాడు. కడప ఆవిడకు ఆ వీలు లేదు. ఆమె మామా అని పిలిచే యజమానురాలి కుటుంబం సౌదీకి వెళ్లిపోయింది, ఆమె పాస్‌పోర్టూ వాళ్లతోనే పోయింది. తాను బతికే ఉన్నానని తల్లికి తెలియాలి, అంతే. ఉత్తరం రాసిస్తానన్నాను.

"వద్దున్నా. ఎవురో రాసిచ్చినారనుకుంటాది మాయమ్మ. నా గొంతు వినల్ల" అంది.

ఇంటికి కాసెట్లు పంపడం ఆమెకు అలవాటే. ఫిట్టరు తన టేప్ రికార్డరు తెచ్చాడు, కాసెట్ తానే తీసుకెళ్తానన్నాడు. దారిలో సైనికులు వేసి వింటే తెలుగు అర్థం కాదు గానీ, కువైట్ అన్న ఒక్క మాట అర్థమవుతుంది. అది నోట రాకూడదని ముందే అనుకున్నాం.

మొదటిసారి ఎనిమిది నిమిషాలు మాట్లాడింది. ఆ మాట ఐదుసార్లు వచ్చింది.

"ఇంకో రెండుసార్లనమ్మా, బస్సుతో పనుండదు, అట్నుంచటే జైలుకెళ్లిపోతాను" అన్నాడు ఫిట్టరు.

టేపు వెనక్కి తిప్పాను. రెండోసారి కొత్త పేరు వాడి చూసి తనే ఆపేసింది. "నన్ను ఇంగో ఊరికి అమ్మేసినారనుకుంటాది న్నా." మూడోసారి అసలు ఊరి పేరే ఎత్తలేదు. మేడ మీద గుడ్డలు ఆరేస్తుంటే సముద్రం కనపడుతుందని నిరుడు పంపిన కాసెట్‌లో తల్లికి చెప్పిందట. ఇప్పుడూ ఆ ఇంట్లోనే ఉన్నానని, ఆ మేడ మీదే ఆరేస్తున్నానని చెప్పింది. ఐదు నిమిషాల్లో అయిపోయింది. బ్యాటరీలు దాచుకోవాలని మళ్లీ వేసి వినలేదు.

మర్నాడు ఆరున్నరకు ముందురోజు పేజీ సరిచూసుకుంటుంటే మొదటిసారి ఎనిమిది నిమిషాలు, చివరిసారి ఐదు అన్న అంకెలు కంటపడ్డాయి. మొదటిసారి చెప్పినదాంట్లో చివరి మూడు నిమిషాల మాటలు టేపు మీద చెరగలేదు. టేపు తిప్పింది నేనే, తప్పు నాదే. చెప్పులేసుకుని బస్సు దగ్గరికి పరుగెత్తాను.

ఫిట్టరు బస్సు మెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. రికార్డరు సైనికుడి చేతిలో ఉంది. అతను మీట నొక్కి టేపును ముందుకు పోనిచ్చి, ఒకచోట ఆపి వేశాడు. ఆమె గొంతు వచ్చింది.

"...కువైట్‌లో ఏం బయం లేదు మా, నువ్వు టయానికి తిను..."

సైనికుడు తలెత్తి, ఈమె ఎవరని అడిగాడు. వాళ్లమ్మతో మాట్లాడుతోందని, నాకొచ్చిన అరబీలో నేనే చెప్పాను. అతను టేపు ఆపలేదు. మాటలు అయిపోయి టేపు ఖాళీగా తిరిగేదాకా విన్నాడు. కాసెట్ తీసి ఫిట్టరు చేతిలో పెట్టాడు. రికార్డరు మాత్రం తన చంకలో పెట్టుకున్నాడు.

"యల్లా" అన్నాడు, ఎక్కమన్నట్టు బస్సు వైపు చూపిస్తూ.

ఏడుంపావుకు బస్సు కదిలింది.