గ్రేడింగ్ టేబుల్ దగ్గర పేరమ్మ

పేరమ్మ మా రొయ్యల కంపెనీలో గ్రేడింగ్ టేబుల్ ముందు నిలబడిన రోజును తలచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు నేల మీద నిలవవు. ఆ పిల్లకు కళ్లు కనిపించవు. పులికాట్ సరస్సు ఒడ్డున మా పక్క పల్లె వాళ్లది. ఏడో ఏట తట్టు పోసి చూపు పోయింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. నోరు మాత్రం, అబ్బో, ఊరందరికీ సరిపోతుంది.

నా పేరు రోజారమణి. నాయుడుపేట అవతల ఆ కంపెనీలో పదకొండేళ్లుగా రొయ్యల పొట్టు తీస్తున్నాను. మా దగ్గర పొట్టు తీసేది ఆడవాళ్లు, గ్రేడింగ్ చేసేది మగవాళ్లు. గ్రేడింగ్ అంటే రొయ్యను సైజును బట్టి వేరు చేయడం. కిలోకు ముప్పై తూగేవి ఒక టబ్బులో, నలభై తూగేవి ఇంకో దాంట్లో, యాభైవి మరో దాంట్లో. వాళ్లకు నెల జీతం, మాకు తీసిన కిలోల కొద్దీ కూలి. గ్రేడింగ్‌కు చురుకైన కన్ను కావాలని వాళ్ల మేస్త్రీ మాల్యాద్రి మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. మేమూ నమ్మేవాళ్లం!

పోయిన ఏడాది గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు. మహిళలకు, దివ్యాంగులకు అన్ని పనుల్లోనూ సమాన అవకాశం అని. ఒక ఆదివారం పేరమ్మ వాళ్లింటికి వెళ్లినప్పుడు నవ్వులాటకు ఆ మాట చెప్పాను. వాళ్ల నాన్న సరస్సు నుంచి తెచ్చిన సరుకును ముందు పోసుకుని ఆమె పీత వేరు, చేప వేరు, రొయ్య వేరు చేస్తోంది. పెద్ద రొయ్య ఒక పక్కకు, చిన్నది ఇంకో పక్కకు టకటకా పడుతున్నాయి.

“అన్ని పనులూ అనే రాసుండారా అక్కా?”

“రాస్తే ఏంది మే? అది మన కోసం కాదు, తనిఖీకి వచ్చేవాళ్ల కోసం.”

“నాకు కనపడకపోతే ఏం, నీకు కనపడింది గదా. రేపు నన్ను తోడుకోని పో. గ్రేడింగ్ పని అడగతా.”

పకపకా నవ్వాను. తర్వాత ఆమె ముందున్న రెండు కుప్పలూ చూశాను. ఒక్కటంటే ఒక్క రొయ్య తప్పు కుప్పలో లేదు. నా నవ్వు ఆగిపోయింది.

మర్నాడే ఆమెను కంపెనీకి వెంటబెట్టుకుని వెళ్లాను. మేనేజర్ నరేంద్రబాబు గారు మంచివారే. వచ్చిన చిక్కల్లా అదే. “అయ్యో పాపం, నీకెందుకమ్మా అంత కష్టం? గేటు దగ్గర కూర్చొని పనిలోకొచ్చే అందరికీ టోపీలు ఇస్తా ఉండు, నెల జీతం ఇస్తాం,” అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకోమని పేరమ్మను గిల్లాను. ఆమె నా చేతిని విదిలించింది.

“టోపీలకు నేనెందుకు సార్? గోడకు మేకు కొట్టి తగిలిస్తే ఎవురికి వాళ్లు తీసుకుంటారు. నాకు రొయ్య తెలుసు. ఒక్క గంట టేబుల్ కాడ నిలబెట్టండి. తప్పితే ఆ టోపీల పని గూడా వద్దు, మళ్లీ ఈ గేటు తొక్కను.”

సరే, రేపు ఒక్క గంట చూద్దాం అన్నారాయన. చేతికొచ్చిన జీతాన్ని పందెం కాసేసింది మహాతల్లి!

మరుసటి ఉదయం మా ఆడవాళ్లందరం పని వదిలేసి తలుపు దగ్గర మూగాం. పేరమ్మకు ఏప్రాన్, బూట్లు, టోపీ, రబ్బరు గ్లౌజులు తొడిగారు. అరగంట అయ్యాక ముప్పై టబ్బులోంచి ఒక కిలో తూచి లెక్కపెట్టారు. ముప్పై ఆరు వచ్చాయి. నలభై టబ్బు ఇంకా ఘోరం. మాల్యాద్రి తొడ చరిచాడు. “నేను చెప్పలా సార్?”

పేరమ్మ ముఖం పాలిపోయింది. “అక్కా, రొయ్య తెలీడంలా. మూట మింద నుంచి తడిమినట్టుండాది.”

పరుగెత్తి ఆమె చేయి పట్టుకుని చూశాను. ఓరి దేవుడా! గ్లౌజు వేళ్లు ఆమె వేళ్ల చివర దాటి అంగుళం వేలాడుతున్నాయి. అట్టలా మందం. ఆ టేబుల్ దగ్గర ఎన్నడూ ఆడమనిషి నిలబడలేదు కాబట్టి అక్కడ మగవాళ్ల సైజు తప్ప ఇంకోటి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇయ్యి మాల్యాద్రన్న చేతులకు చేసినయ్యి సార్! ఈ పిల్ల వేళ్లు యాడుండాయో మీరే చూడండి! గంట అన్నారు, ఇంకా అరగంట ఉంది,” అని అరిచి, మా షెడ్డులోంచి మేము వాడే చిన్న సైజు పల్చటి గ్లౌజుల జత కొత్తది తెచ్చి తొడిగాను. అంతదాకా నింపిన టబ్బులు ఖాళీ చేయించాను.

ఇక చూడాలి! తల నుంచి తోక దాకా బొటనవేలితో ఒక్క రుద్దు, టబ్బులోకి ఒక్క విసురు. మళ్లీ ఇంకోటి. మాల్యాద్రి మనుషులు తమ పని ఆపి చూస్తున్నారు. మాలో ఎవరో ఈల వేశారు. “వెయ్యి మే, వెయ్యి!” అని నేను గొంతు చించుకున్నాను. లెక్కపెడితే ముప్పై టబ్బులో ముప్పై ఒకటి. నలభైలో సరిగ్గా నలభై. యాభైలో నలభై తొమ్మిది. నమ్మకం లేక రెండోసారి కూడా లెక్కపెట్టారు.

ఆమె పక్కన ఇంకో చిన్న కుప్ప ఉంది. “ఇదేంది మే?” అన్నాడు మాల్యాద్రి.

“పెంకు మెత్తబడినయ్యన్నా, మంచి సరుకులోకి రావు. కంటికి తెలీవు. మీ టబ్బులో గూడా ఉండాయేమో చూసుకోండి.”

అతను తన టబ్బులో చేయి పెట్టి నాలుగైదు రొయ్యలు నొక్కి చూశాడు. ఒకదాని పెంకు లోపలికి పోయింది. ఇంకోటీ అంతే. తర్వాత, “నిజమే సార్. ఇయ్యి నాకు దొరకలా. ఈ పిల్లను నా టేబుల్‌కే ఇయ్యండి,” అన్నాడు. ఆ మాటకు అతని మీసం మీద నాకున్న కోపమంతా పోయింది.

“రేపటి నుంచి గ్రేడింగ్‌లోనే. అందరికీ ఇచ్చే జీతమే,” అన్నారు నరేంద్రబాబు గారు. చప్పట్లు! పేరమ్మ నన్ను వాటేసుకుని నేల మీద పారుతున్న ఐసు నీళ్లలో దబదబా గెంతింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

గెంతడం ఆపి నా చెవి దగ్గర అడిగింది. “అక్కా, పదకొండేండ్లుగా ఈడనే ఉండావే. నీకు రొయ్య తెలీదా?”

“ఎందుకు తెలీదు?”

“మరి నువ్వెందుకు అడగలా?”

ఎవరైనా కాదన్నారా అంటే, అదీ లేదు. అసలు నేను అడిగితే కదా! సిగ్గేసింది. ఆ వెంటనే పట్టరాని రోషం వచ్చింది. నరేంద్రబాబు గారు అప్పటికే ఆఫీసు మెట్లెక్కుతున్నారు.

“సార్, ఒక్క నిమిషం ఆగండి!” అని పరుగెత్తాను. నా వెనకే ఇంకో ఏడుగురు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.