లాకు కోసం ఆగిన జీపు

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్టు వెనక సందులో గులాం మొహమ్మద్‌కి ఒక రేకుల షెడ్డు ఉండేది. హార్బరుకి సరుకు తెచ్చే లారీలు, ఊళ్ళో ఉన్న నాలుగు పాత కార్లు అక్కడే బాగుపడేవి. ఆయన చేతిలో పడిన బండి తొందరగా బయటకు రాదని ఊరంతా అనేది. వచ్చాక మళ్ళీ చెడదని కూడా అనేది. ఒక బోల్టు చేతికి సరిగ్గా పట్టు దొరకలేదంటే దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించేవాడు. గిరాకీలు బయట బెంచీ మీద కూర్చుని విసుక్కునేవారు. గులాం పట్టించుకునేవాడు కాదు.

ఆయన స్నేహితుడు యేసుదానం పోర్టులో టగ్గు నడిపే సరంగు. పెద్ద ఓడలను తాళ్ళతో లాగి సరుకు దింపే ధక్కా దగ్గరికి చేర్చే చిన్న ఓడ అది. గోపాలపట్నంలో ఇల్లు, భార్య దేవకుమారి, ఆదివారం చర్చి. రోజూ ఊళ్ళు తిరిగొచ్చిన ఓడలను చూసేవాడే గాని తను హార్బరు నోరు దాటి వెళ్ళింది లేదు. డ్యూటీ దిగాక తిన్నగా గులాం షెడ్డుకొచ్చి, తిరగేసిన డ్రమ్ము మీద కూర్చుని టీ తాగేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

డెబ్భై నాలుగులో మిలటరీవాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తే ఒక జీపును ఇద్దరూ కలిసి కొన్నారు. అది కదిలే స్థితిలో లేదు. లారీ వెనక కట్టి లాక్కొచ్చారు. ఆ సాయంత్రం యేసుదానం జీపు చుట్టూ ఒకసారి తిరిగి, రేడియేటరు మీద చెయ్యేసి అన్నాడు:

"బావా, ఇది బాగయితే నాను బెత్లెహేం ఎల్తాను."

గులాం నవ్వలేదు. తనకూ లోపల అలాంటి కోరికే ఒకటుంది. తండ్రి మక్కా వెళ్ళాలని బతుకంతా అనుకుని వెళ్ళకుండానే పోయాడు. "అయితే ఇద్దరికీ ఒకటే దారి బావా," అన్నాడు.

నిజంగానే ఒకటే దారి. స్కూలు అట్లాసు తెచ్చి వేలుపెట్టి చూసుకున్నారు. అమృత్‌సర్, లాహోర్, క్వెట్టా, ఆ తర్వాత ఇరాన్, ఇరాక్, అక్కణ్ణించి జోర్డాన్. తెల్లవాళ్ళు బస్సులేసుకుని లండన్ నుంచి ఆ వైపుగానే వస్తున్నారని ఓడల మీదివాళ్ళు చెప్పేవారు. అమ్మాన్ దాకా కలిసి వెళ్ళాలి. అక్కడ యేసుదానం నది దాటి యెరూషలేము, బెత్లెహేం వెళ్ళి రావాలి. గులాం దక్షిణంగా మదీనా మీదుగా మక్కా వెళ్ళి వచ్చేదాకా యేసుదానం అమ్మాన్‌లోనే ఆగాలి. "అన్నాళ్ళు అక్కడేటి సేత్తావ్?" అని గులాం అడిగితే, "సేపలు దొరక్కపోతే గొర్రెలు కాసుకుంటాను," అన్నాడు యేసుదానం.

మూడేళ్ళలో జీపు కొత్తదయింది. గులాం దాన్ని చివరి బోల్టు దాకా విప్పి కట్టాడు. డెబ్భై ఏడు వేసవి నాటికి ఇద్దరికీ పాస్‌పోర్టులు వచ్చాయి. వానలు తగ్గగానే బయల్దేరాలని అనుకున్నారు.

బయల్దేరే ముందు బండిని ఇసకలో ఒకసారి పరీక్షించాలన్నాడు గులాం. తగరపువలస దగ్గర గోస్తని ఎండిపోయి ఉంది. జీపును ఏట్లోకి దించారు. సగం దాకా బాగానే వెళ్ళింది. ఆపైన ఒక పక్క మెత్తటి ఇసక తగిలి కూరుకుపోయింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండే అయినా, ముందొకటి వెనకొకటి గిర్రున తిరుగుతున్నాయి. మిగతా రెండూ గట్టి ఇసక మీద ఉండి కూడా కదలకుండా నిలబడ్డాయి.

గులాం కిందికి దిగి చాలాసేపు కదలని వెనక చక్రం వైపే చూశాడు. అది బండి తప్పు కాదని ఆయనకు తెలుసు. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ చేసే పనే అది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్ళాలి కాబట్టి రెంటినీ దేని దారిన దాన్ని తిరగనిస్తుంది. రోడ్డు మీద అది వరం. బురదలో, ఇసకలో మాత్రం ఏ చక్రం సులువుగా తిరిగితే బలమంతా దానికే పోతుంది, పట్టున్న చక్రం చేతులు కట్టుకు కూర్చుంటుంది. దీనికి విదేశాల్లో ఒక లాకు చేస్తారు. డిఫరెన్షియల్‌లో బిగిస్తే, చక్రం జారినా సరే, రెండూ కలిసే తిరుగుతాయి. ఒక ఓడ ఇంజనీరు తెచ్చిన పుస్తకంలో గులాం దాని బొమ్మ చూశాడు.

యేసుదానం మాత్రం చక్రాల ముందు ఇసక తోడి, గోనెసంచులు పరిచి, రెండు చెక్కలు అడ్డం పెట్టాడు. "ఇప్పుడు సిన్నగా పోనీ," అన్నాడు. జీపు ఒకసారి ఊగి, సంచుల మీదుగా ఎక్కి, అవతలి గట్టుకు చేరింది.

తగరపువలస సంతలో టీకొట్టు ముందు బండి ఆపారు. యేసుదానం మంచి హుషారుగా ఉన్నాడు. గులాం గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

"ఆ లాకు ఒకటి తెప్పించాల బావా," అన్నాడు.

"ఎందుకు? గోనెసంచులు సాలాయి కాదా."

"ఇది గోస్తని. అక్కడ బలూచిస్తాన్ ఎడారి. కూరుకుపోతే ఎవుడొత్తాడు?"

"ఇద్దరం ఉంటాం కాదా. తవ్వుకుంటాం. అయినా అంతా రోడ్డే అన్నారు. లాకుంటే మలుపుల్లో టైర్లు అరిగిపోతాయనీ, బరువు పడితే ఇరుసు ఇరుగుతాదనీ నువ్వే సెప్పావు."

"సెప్పాను. అయినా ఉండాల."

యేసుదానం గ్లాసు కింద పెట్టాడు. "ఒకటడుగుతాను, నిజం సెప్పు. లాకు లేకపోతే బండి ఎల్లదా?"

గులాం జీపు వైపు చూశాడు. "ఎల్తాది," అన్నాడు.

"మరేటి?"

ఆ కదలని చక్రం గులాం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. తన చేత్తో కట్టిన బండి అలా నిలబడిపోవడం ఆయన ఓర్చుకోలేకపోయాడు. రాజమండ్రి దాటి ఎరగని మనిషికి లోపల వేరే బెదురు కూడా ఉందేమో, అది ఆరోజు ఆయనకే తెలియదు. "ఇంకొక్క ఏడాది ఆగుదాం," అన్నాడు. యేసుదానం కాసేపు రోడ్డు వైపు చూసి, "బండి నీది బావా. నీకు తోసినట్టే సెయ్యి," అన్నాడు. ఇద్దరూ కలిసి కొన్న బండి అది. ఆ మాటను గులాం అప్పుడు గమనించలేదు.

లాకు తెస్తానని ఒక గ్రీకు ఓడ ఇంజనీరు మాటిచ్చాడు. ఆ ఓడ ఏడాది దాకా రాలేదు. డెబ్భై ఎనిమిది వేసవిలో వచ్చి పెట్టె దింపింది. గులాం ఇరుసు విప్పి పెట్టి చూస్తే పళ్ళు కలవలేదు. వేరే రకం బండికి చేసింది అది. మళ్ళీ చెప్పి పంపారు. ఆ చలికాలమంతా విశాఖపట్నం ఆకాశం అద్దంలా ఉంది. లాహోర్ నుంచి క్వెట్టా దాకా కూడా అలాగే ఉండి ఉంటుందని యేసుదానం అనేవాడు. అంతకంటే ఏమీ అనేవాడు కాదు.

ఇంట్లో గులాం భార్య చాంద్ సుల్తానా మాత్రం ఒకసారి అనేసింది. అన్నం వడ్డిస్తూ, "మీ నాన్నగారికి జీపే లేదు, అందుకు వెళ్ళలేదు. మీకు జీపుంది, లాకు లేదు. లాకొస్తే ఇంకేం లేదంటారో," అంది. గులాం చేయి కడిగేసుకున్నాడు.

సరైన లాకు డెబ్భై తొమ్మిది ఫిబ్రవరిలో వచ్చింది. గులాం దాన్ని గుడ్డలో చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు షెడ్డుకు తెచ్చాడు. బిగిస్తుంటే అవతల సోడాకొట్టులో రేడియో వార్తలు చెబుతోంది. ఇరాన్‌లో రాజు దేశం విడిచిపోయాడు, వీధుల్లో తుపాకులు పేలుతున్నాయి. గులాం చేతిలో స్పానరు ఆగలేదు. సాయంత్రం యేసుదానం వచ్చి డ్రమ్ము మీద కూర్చున్నాడు.

"ఇన్నావా బావా?"

"ఇన్నాను. నెలా రెండు నెలల్లో సద్దుమణుగుతాది."

సద్దుమణగలేదు. మరుసటేడు ఇరాన్, ఇరాక్‌ల మధ్య యుద్ధం వచ్చింది. ఆ దారి అట్లాసులో ఉంది, నేల మీద లేదు. గులాం తర్వాత లెక్క చూసుకున్నాడు. వాళ్ళనుకున్నట్టు డెబ్భై ఏడు వానల వెనక బయల్దేరి ఉంటే, వెళ్ళి, రెండు చోట్లా మొక్కుకుని, తిరిగొచ్చి కూడా చాలా వ్యవధి మిగిలేది.

లాకు మాత్రం అబద్ధం కాదు. ఎనభైల్లో స్టీల్ ప్లాంటు పనులు ముమ్మరమయ్యాక గాజువాక అవతల ఎర్రమట్టి అంతా బురదయింది. వానాకాలంలో బళ్ళు దిగబడితే గులాం జీపును పిలిపించేవారు. మిగతా జీపులు ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటుంటే ఆయన జీపు టక్కుమని ఒక చప్పుడు చేసి, నిమ్మళంగా ముందుకు నడిచేది. సన్యాసిరాజు అనే కాంట్రాక్టరు ఒకసారి బురదలో నిలబడి చూసి, "ఇలాటి బండి నాను సూళ్ళేదండీ. ఏటి పెట్టారు దీనికి?" అన్నాడు. గులాం చెప్పాడు. "మంచి పని సేసేరు. పెట్టించి తీరాల్సిందే," అన్నాడు సన్యాసిరాజు. ఆ మాట కోసమే ఒకప్పుడు ఎంత వాదించాడో గులాంకి గుర్తుంది.

యేసుదానానికి చక్కెర జబ్బు కళ్ళలోకి దిగింది. ముందు రాత్రిపూట దీపాల చుట్టూ మసక కనిపించింది. తర్వాత పగలే ధక్కా అంచు కనిపించలేదు. టగ్గు మీంచి దించేశారు. చివరికి దేవకుమారి చెయ్యి పట్టుకుంటే గాని వీధిలోకి రాలేకపోయాడు. గులాం ప్రతి ఆదివారం జీపేసుకుని గోపాలపట్నం వెళ్ళి వాళ్ళిద్దరినీ చర్చికి దించి, బయట నిలబడి, మళ్ళీ ఇంటికి చేర్చేవాడు.

ఎనభై ఆరులో గులాం, చాంద్ సుల్తానా బొంబాయి నుంచి విమానంలో హజ్‌కి వెళ్ళారు. తిరిగొచ్చిన మర్నాడే ఖర్జూరాలు, సీసాలో మక్కాలోని జంజం బావి నీళ్ళు తీసుకుని యేసుదానం ఇంటికి వెళ్ళాడు. యేసుదానం వరండాలో కుర్చీ మీద ఉన్నాడు. అడుగుల చప్పుడుకే లేచి నిలబడ్డాడు.

"హాజీ గారొచ్చేరా," అని చేతులు చాచాడు. తడిమి, భుజం పట్టుకుని, పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఖర్జూరం నోట్లో వేసుకుని, "దారి ఎలగుంది బావా?" అని అడిగాడు.

"దారేటి," అన్నాడు గులాం. "కిటికీలో మబ్బులే. ఒక పూటలో దింపేసేరు."

"ఎడారి కనబళ్ళేదా?"

"దిగినప్పుడు కొంత. మెత్తగానే ఉంది."

యేసుదానం తలూపాడు. ఇంకా ఏదో చెప్తాడని ఎదురు చూస్తున్న ముఖం. గులాం సీసాను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు సెప్పినప్పుడే ఎల్లిపోవాల్సింది బావా. గోనెసంచులేసుకుని. నీ కళ్ళుండగా."

పెరట్లో దేవకుమారి నీళ్ళు తోడుతున్న చప్పుడు వినిపిస్తోంది. యేసుదానం ఖర్జూరం గింజను అరచేతిలో తిప్పుతూ, మెల్లగా అన్నాడు.

"నువ్వాగుదాం అన్నావు. నాను సరేనన్నాను. నాకు కోపం రాలేదనుకున్నావు కాదా. వచ్చింది. తగరపువలసలో ఆరోజే వచ్చింది. బండి మనిద్దరిదీ అని గట్టిగా అడగాలనుకున్నాను. నీ పని మీద నీకున్న ఇష్టం సూసి నోరు రాలేదు. అడగాల్సింది."

గులాం తల వంచుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా మోసిన బరువు తనొక్కడిదే అనుకున్నాడు. అవతలివాడు కూడా మోస్తూ ఉన్నాడని ఇప్పుడు తెలిసింది. తెలిసినందువల్ల తేలికేమీ కాలేదు.

"ఆ నీళ్ళు ఇలాగియ్యి," అన్నాడు యేసుదానం. గులాం మూత తీసి సీసా చేతికిచ్చాడు. యేసుదానం ఒక గుక్క తాగి, మరికొంచెం అరచేతిలో పోసుకుని, రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. గులాం ఆ ముఖం చూడలేక గేటు బయట ఆగి ఉన్న జీపు వైపు తిరిగాడు. ఎండలో దాని ఆకుపచ్చ రంగు కొత్తగానే మెరుస్తోంది.