ఇబ్రహీంపట్నంలో గోల్ వెనక ఒక పూట

మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు ఆడే జిల్లా లీగు మ్యాచ్‌లు ఈసారి ఇబ్రహీంపట్నంలో పెట్టారని తెలిసినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఒకప్పుడు అదే క్లబ్బుకు డిఫెండర్‌గా ఆడినవాణ్ని, నిజానికి సంతోషించాలి. కానీ ఇప్పుడు గోల్‌కీపర్ మా అమ్మాయి శ్రావణి. పోయిన సీజన్‌లో ఎదుటి జట్టు అమ్మాయి కాళ్ల దగ్గరికి దూకి బంతి పట్టబోయింది. ఆ అమ్మాయి మోకాలు తలకు తగిలి, శ్రావణి గ్రౌండ్‌లోనే స్పృహ తప్పింది. డాక్టరు ఇప్పుడు మళ్లీ ఆడొచ్చన్నాడు. తలకు ఇంకో దెబ్బ తగిలితే మాత్రం మంచిది కాదని కూడా అన్నాడు. మొదటి మాట ఆమె విన్నది, రెండోది నేను విన్నాను.

జట్టు పొద్దున్నే వాళ్ల బస్సులో వెళ్లిపోయింది. మేముండేది మీర్‌పేట్‌లో. లీగు చూడాలనుకునేవాళ్లకు దారి తేలికే. ఇరవై రూపాయల షేర్ ఆటోలో సాగర్ రోడ్డు చేరుకొని, ఇబ్రహీంపట్నం బస్సెక్కితే చాలు. తుర్కయాంజాల్, బొంగుళూరు దాటుకుంటూ, ట్రాఫిక్ కలిసొస్తే గంటలోపే దించుతుంది. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు నలభై లోపే. నేను ఒంటిగంటకు బయల్దేరాను. దారంతా ప్లాట్ల బోర్డులే. చదువుదామన్నా ఒక్క అక్షరం తలకెక్కలేదు.

బస్టాండ్ బయట ఆటో మాట్లాడాను.

“ఆడపిల్లల మ్యాచ్‌కే గదన్నా?” అన్నాడు డ్రైవరు. “పొద్దుగాల ఒక పిల్లకు కాలు ఇరిగింది. నేనే దవాఖానకు తీస్కపోయిన.”

సీటు అంచుకు జరిగాను. “ఏ జట్టు పిల్ల?”

“గదేం నాకెర్క? పసుపు అంగీ ఏస్కున్నది.”

మావాళ్లది నీలం. హమ్మయ్య అనుకున్నాను. ఎవరి బిడ్డ కాలో విరిగిందంటే ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గేసింది కూడా. అంతలోనే కీపర్ అంగీ రంగు వేరేగా ఉంటుందని గుర్తొచ్చింది. శ్రావణి ఈ రోజు ఏ రంగు వేసుకుందో నాకు తెలియదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. “జర జల్ది పోనియ్ అన్నా,” అన్నాను. మిగతా దారంతా సీటు కడ్డీ పట్టుకునే కూర్చున్నాను.

గ్రౌండ్‌లో ఆకుపచ్చ అంగీలో ఎగిరి బంతులు పట్టుకుంటోంది మహాతల్లి. నన్ను చూసి చెయ్యి ఊపింది. గ్యాలరీలో ఓ మూల కూర్చుందామనుకున్నాను గానీ, యాదగిరన్న అప్పటికే గోల్ వెనక నుంచి పిలుస్తున్నాడు. నేను ఆడిన రోజుల్లో ఆయనే మా కీపరు.

ఏ గ్రౌండ్‌లో ఆడినా మా క్లబ్బు చరిత్రంతా గోల్ వెనకే ఉంది. లీగులోకి వచ్చిన కొత్తలో గోల్‌కు వల లేదు, క్లబ్బుకు రెండో బంతి లేదు, వెనకంతా తుమ్మ ముళ్లు. బంతి వెళ్లి ముల్లు దిగితే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. అందుకని చదువులు అయిపోయినవాళ్లు వచ్చి గోల్ వెనక నిలబడి బంతి ఆపేవారు. అట్లా ఆడుకుంటూనే పై డివిజన్‌కు ఎక్కాం. ఒక మ్యాచ్‌లో వెనకున్న సీనియర్, కీపర్‌కు దెబ్బ తగులుతుందని భయపడి “వదిలెయ్!” అని అరిచాడు. యాదగిరన్న ఆ మాట విని బంతి వదిలేశాడు. ఆ గోల్‌తోనే కింది డివిజన్‌కు పడ్డాం. అప్పటి నుంచి వెనక నిలబడ్డవాళ్లు నోరు విప్పకూడదు. మగపిల్లల జట్టు మళ్లీ లేవలేదు. ఇప్పుడు క్లబ్బు పేరు నిలబెడుతున్నది అమ్మాయిలే. వలలు వచ్చాయి, తుమ్మల చోట ప్లాట్ల రాళ్లు లేచాయి, సీనియర్లు మాత్రం ఇంకా నిలబడుతూనే ఉన్నారు.

మూడున్నరకు ఆట మొదలైంది. మొదటి సగమంతా యాదగిరన్న పక్కనే నిలబడి, బంతి మా వైపు వచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను. విరామం ఇవ్వగానే గేటు బయట టీ కొట్టుకు పారిపోయాను. అవును, పారిపోవడమే. టీ తాగలేదు, పట్టుకొని నిలబడ్డాను.

“సల్లారుతున్నది, తాగరాదన్నా,” అంది కొట్టు నడిపే అక్క.

అంతలో మా జట్టులో అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “అంకుల్, శ్రావణి గోల్ల నిలబడ్తలేదు. యాదగిరి అంకుల్ ఉన్నా సరే, మా బాపు రావాలె అంటున్నది. రిఫరీ గరమైతుండు!”

వెళ్లి నిలబడ్డాను. శ్రావణి వెనక్కి తిరిగి చూసి గ్లౌజులు బిగించుకుంది.

ఆట ముగియబోతుండగా జరిగింది. మా డిఫెండర్ జారి పడింది. ఎదుటి జట్టు అమ్మాయి ఒంటరిగా బంతితో దూసుకొచ్చింది. శ్రావణి ముందుకు ఉరికింది. వదిలెయ్ బిడ్డా అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఇద్దరూ గుద్దుకున్న చప్పుడు వినిపించింది. శ్రావణి బోర్లా పడి ఉంది, కదలలేదు.

తర్వాత మెల్లగా లేచింది. బంతి పొట్ట కింద ఉంది. “ఏం కాలే, ఆడుండ్రి!” అని జట్టు వైపు నవ్వుతూ అరిచి, బంతిని దూరంగా తన్నింది. తన్నాక రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. గ్లౌజులు వేసుకున్న ఆ చేతులు గడగడా వణుకుతున్నాయి. ముందున్నవాళ్లకెవరికీ కనిపించవు. యాదగిరన్న మెల్లగా చూపు పక్కకు తిప్పుకున్నాడు.

గోల్ లేకుండానే మ్యాచ్ ముగిసింది. శ్రావణి జట్టు బస్సు వదిలేసి నాతో వచ్చింది. బొంగుళూరు దాటాక అడిగింది.

“చూసినవా బాపు?”

“చూసిన.”

“దెబ్బ తాకినప్పటి సంది గట్లనే వణుకుతున్నయి. జట్టుల ఎవ్వరికి తెల్వది.”

“మరెట్ల ఆడుతున్నవ్ బిడ్డా?”

“నువ్వు ఎనక ఉంటే దాచిపెట్టే పని లేదు,” అని కిటికీ వైపు తిరిగింది. “అమ్మకు మాత్రం చెప్పకు.”

చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నానంటే, మా ఇంట్లో నా బ్లాగు ఎవరూ చదవరు కాబట్టి. ఈ ప్రయాణంతో నా భయం తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు. ఇన్నాళ్లూ నాదొక్కటే మోశాను, ఇప్పుడు ఆమెది కూడా తోడైంది. వచ్చే మ్యాచ్‌కూ వెళ్తాను. వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: గ్యాలరీలో నీడ ఉంది, కుర్చీలున్నాయి, గోల్ వెనక ఏమీ లేదు. అయినా ఆడేది మీ బిడ్డయితే టోపీ, మంచినీళ్ల సీసా తీసుకొని వెనకే నిలబడండి. వాళ్ల చేతులు అక్కడి నుంచే కనిపిస్తాయి.