విమానమెక్కిన కత్తిపీట

రాజమండ్రి చేపల మార్కెట్‌లో నాగదుర్గ చేపలు అమ్మదు. కోసి పెడుతుంది. జనం పక్క దుకాణాల్లో కొన్న చేపను సంచిలో వేసుకొచ్చి ఆమె ముందు వరసలో నిలబడతారు. పొలుసు గీకి, మొప్పలు తీసి, పిత్తం చిట్లకుండా పొట్ట శుభ్రం చేసి, పులుసుకైతే ఒకలా, వేపుడుకైతే ఇంకోలా ముక్కలు చేసి ఇస్తుంది. నరసాపురం దగ్గర చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టి, పెళ్లై రాజమండ్రి వచ్చి, అత్తగారి పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంది. ఇప్పుడామెకు నలభై ఏడేళ్లు. అత్తగారు పోయాక ఆ చోటూ, ఆ కత్తిపీటా ఆమెవయ్యాయి.

పీట అంటే మూరెడు చెక్క. దాని మీద నిలువుగా లేచిన వంపు కత్తి. పాలకొల్లులో ఒక కమ్మరి చేసింది. నాగదుర్గ పీటను కాలితో తొక్కిపట్టి, చేపను రెండు చేతులా పట్టుకుని కత్తికి ఆనించి లాగుతుంది. కత్తి కదలదు, చేపే కదులుతుంది. చేత్తో పట్టుకునే కత్తి ఇస్తే తను వంకాయ కూడా సరిగ్గా కొయ్యలేనని ఆమే చెబుతుంది.

కత్తి విషయంలో అత్తగారు నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. చేతినుంచి చేతికి ఇవ్వకూడదు. కింద పెట్టి పక్కకు జరగాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ పడదు. నాగదుర్గ ఇరవై తొమ్మిదేళ్లుగా ఎవరి చేతికీ కత్తి ఇవ్వలేదు. అందుకే అత్తగారితో ఒక్కరోజు కూడా మాటామాటా రాలేదంటుంది. ఆ రెండో ముక్కకు మాత్రం మార్కెట్లో ఎవరూ సాక్ష్యం చెప్పరు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి సుధాకర్ ఫోన్ చేశాడు. భీమవరం మనిషి. హైదరాబాద్‌లో పెళ్లిళ్లకు వంటలు చేయిస్తుంటాడు. రాజమండ్రి వచ్చినప్పుడల్లా నాగదుర్గ దగ్గరే చేపలు కోయించుకుంటాడు.

"అక్కా, రేపు ఒంటిగంటకి పెళ్లి భోజనాలు. పండుగప్పలు పాతిక దిగాయి, ఒక్కోటి అయిదేసి కిలోలు. కోసేవాళ్లిద్దరూ జ్వరాలతో పడుకున్నారు. నువ్వు రాకపోతే నేను పప్పు వడ్డించుకోవాలి."

"పప్పు మాత్రం ఏం తప్పురా?"

"పెళ్లివారిది అమలాపురం అక్కా. చేపల పులుసు లేదంటే పందిరి పీకి నా నెత్తినేస్తారు."

రైళ్లలో చోటు లేదు. సుధాకర్ విమానానికి టికెట్ తీశాడు. బోర్డింగ్ పాస్ కూడా ఫోన్‌కే పంపించేశాడు. ఆధార్ కార్డు పట్టుకుని వెళ్లి ఎక్కేయడమేనన్నాడు.

"మరి నా పీట?"

"తెచ్చుకో. ఇక్కడున్నవన్నీ మొద్దు మీద పెట్టి కొట్టే కత్తులే."

ఎక్కేయడం ఎలాగో చెప్పాడు గానీ, పీటను ఎక్కించడం ఎలాగో చెప్పలేదు. నాగదుర్గ అడగనూ లేదు. బస్సులో అయినా, రైల్లో అయినా పీట ఎప్పుడూ ఆమె కాళ్ల దగ్గరే ప్రయాణం చేసింది. మర్నాడు పొద్దున్నే మూరెడు అరటి బోదె కోసి, కత్తిని అందులోకి దించి, కొబ్బరితాడు చుట్టి, బియ్యం సంచిలో పెట్టుకుంది. కత్తికి అంతకన్నా మంచి ఒర ఉంటుందని ఆమె అనుకోదు. భర్త రాముడు తన ఆటోలో మధురపూడి విమానాశ్రయం దాకా దింపాడు.

"దిగాక ఫోన్ చెయ్యి. పైనుంచి చెయ్యకు, సిగ్నల్ రాదు," అన్నాడు, తను రోజూ ఎక్కుతున్నట్టు.

విమానం తొమ్మిదిన్నరకు. ఆమె ఏడింటికే లోపల ఉంది. కుర్చీలో కూర్చుని చల్లగాలికి చెంగు కప్పుకుంది. సామాను ఇచ్చే కౌంటర్ల దగ్గర జనం వరస కట్టారు. తన దగ్గర సామానేముంది, చేతిసంచీ కదా అనుకుంది. ఎనిమిది కావస్తుండగా అందరూ తనిఖీ వైపు కదిలితే తనూ కదిలింది. సంచిని వాళ్లు చూపించినట్టే బెల్టు మీద పెట్టింది.

సంచి యంత్రంలోకి వెళ్లింది. బెల్టు ఆగింది. కొంచెం వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది, మళ్లీ ఆగింది. తెర ముందు కూర్చున్నతను పక్కవాణ్ని పిలిచాడు. అరటి బోదెలో దాగిన అర్ధచంద్రాన్ని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

యూనిఫాంలో ఉన్న ఒకామె సంచిని బల్ల మీదికి తెచ్చింది. ఛాతీ మీద తబిత అని పేరుంది.

"ఇందులో ఏంటమ్మా?"

"కత్తిపీట అండి."

ఎంత మామూలుగా చెప్పిందంటే తబిత మళ్లీ అడగాల్సి వచ్చింది. "కత్తా?"

"కత్తీ, పీటా అండి. రెండూ ఒకటే. విడిగా రావు."

"విమానంలోకి కత్తి తీసుకెళ్లకూడదని తెలీదా?"

"నేనెవర్నీ ఏం చెయ్యనండి. చేపలు కొయ్యడానికి."

"విమానంలో చేపలెక్కడివి పిన్నిగారూ?" అన్నారెవరో వెనకనుంచి.

తబిత నవ్వు ఆపుకుంది. "బయటికి తీసి ఇటివ్వండి," అని తొడుగులున్న రెండు చేతులూ చాపింది.

నాగదుర్గ పీటను బయటికి తీసింది. తాడు విప్పి, బోదె లాగి, కత్తి చూపించింది. చాచిన చేతులకేసి ఒకసారి చూసింది. తర్వాత వంగి పీటను నేలమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

విమానాశ్రయంలో తన వస్తువును నేలమీద వదిలి దూరంగా జరగడం కన్నా పెద్ద తప్పు లేదు. ఆ మాట మైకులో పొద్దుటినుంచీ మూడు భాషల్లో చెబుతూనే ఉన్నారు. నాగదుర్గ అది రైల్వేస్టేషన్లో మోగేలాంటిదే అనుకుని పట్టించుకోలేదు.

అవతలి చివరనుంచి పొడుగాటి అధికారి పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ వచ్చాడు. జనాన్ని వెనక్కి నెట్టించాడు. రెండు వరసలూ ఆగిపోయాయి. నేలమీద కత్తి, దానికి అటు తబిత, ఇటు నాగదుర్గ, చుట్టూ ఖాళీ.

"ఎవరిది?" అన్నాడతను. ఉత్తరాది మనిషి. తెలుగు వచ్చీరాకుండా ఉంది.

"నాదేనండి."

"తీసి ఆమెకు ఇవ్వండి."

"ఇవ్వనండి. తీసుకోమనండి."

ఆ జవాబు అతనికి బొత్తిగా నచ్చలేదు. నాగదుర్గ కంగారుగా తబిత వైపు తిరిగింది.

"చేతికిస్తే మీకూ నాకూ పడదండి. ఇప్పుడే కదా ఒకళ్లకొకళ్లం తెలిసింది, అప్పుడే గొడవెందుకని."

తబిత ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఆమెది తణుకు. "సార్, ఒక్క నిమిషం," అని వంగి పీట తీసుకుని బల్ల మీద పెట్టింది. "ఇక్కడ కత్తి చేతికివ్వరు సార్. గొడవలొస్తాయంటారు. మా అమ్మ అరవై ఏళ్లనుంచీ చర్చికి వెళ్తోంది. ఆవిడా ఇవ్వదు. కత్తీ ఇవ్వదు, ఉప్పూ ఇవ్వదు."

అధికారి ఆగిపోయిన రెండు వరసల్నీ చూపించాడు. "మరి ఇది గొడవ కాదా?"

"ఇది ఆలస్యం అండి," అంది నాగదుర్గ.

వరసలో నవ్వులు లేచాయి. ఆ అధికారి నవ్వలేదు గానీ, గొంతు తగ్గించాడు. కత్తి అన్నది ప్రయాణికులు కూర్చునే చోటికి రాదు, అది ఎవరికైనా ఒకటే నియమం అన్నాడు. గోడ పక్కనున్న గాజు పెట్టె చూపించాడు. దాని నిండా లైటర్లు, కత్తెరలు, పళ్లు కోసుకునే చాకులు.

"అందులో వేసినవి మళ్లీ ఇస్తారాండి?"

"ఇవ్వరు," అంది తబిత.

"అయితే నేనూ ఇక్కడే ఉండిపోతానండి. అది లేకుండా పెళ్లికెళ్లి నేనేం చెయ్యాలి, అక్షింతలు వెయ్యాలా?"

తబిత గడియారం చూసింది. ఎనిమిదీ పన్నెండు. "ఉండిపోనక్కర్లేదు. బయట కౌంటర్లో ఇవ్వండి, సామానుతో పాటు విమానం పొట్టలో పెడతారు. అక్కడ కత్తికి అభ్యంతరం లేదు. కానీ ఎనిమిదిన్నరకి తీసుకోవడం ఆపేస్తారు. వెళ్లండి, నేను ఫోన్ చేసి చెప్తాను." పీటను సంచిలో దించింది. ఇవ్వబోయి ఆగింది. సంచిని నేలమీద పెట్టి, తనే ఒక అడుగు వెనక్కి వేసింది. పొడుగాటి అధికారి ఆ క్షణంలో పైకప్పుకేసి చూస్తున్నాడు.

నాగదుర్గ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. కౌంటర్లో ఉన్నతని పేరు అశోక్. సంచి చూడగానే తల అడ్డంగా ఊపాడు. హడావిడిలో బోదె సరిగ్గా ఎక్కక కత్తి మొన సంచిలోంచి బయటికొచ్చింది.

"ఇలా తీసుకోకూడదండి. లోడ్ చేసేవాళ్ల చెయ్యి తెగుతుంది. గట్టి పెట్టెలో ఉండాలి."

"పెట్టె ఎక్కడ దొరుకుతుందండి? అక్కడ పెళ్లికి పాతిక పండుగప్పలు కొయ్యాలి."

"ఇక్కడ దొరకదండి. ఊళ్లో దొరుకుతుంది."

ఎనిమిదీ ఇరవై. ఊరు పద్నాలుగు కిలోమీటర్లు. పాతిక పండుగప్పలు ఐసు మీద పడుకుని తనకోసం చూస్తున్నట్టు నాగదుర్గకు అనిపించింది.

ఆమె వెనక తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరున్నారు. పేరు బుజ్జిబాబు. డెబ్బై దాటినా ఊళ్లో ఇంకా అదే పేరు. ఆయన తోపుడు బండి మీద ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె ఉంది, పెద్దది. ఎవరూ అడక్కుండానే ఆయన దాని టేపు పీకడం మొదలుపెట్టారు.

"ఎందుకండి, మీకు ఇబ్బంది," అంది నాగదుర్గ.

"ఇబ్బందేముందమ్మా. ఈ డబ్బాలు ఒళ్లో పెట్టుకుంటా. కిందేస్తే పొడైపోతాయని రాత్రంతా మా ఆవిడ సణుగుతూనే ఉంది. పెళ్లిలో పండుగప్ప ఆగిపోతే ఆ పాపం నాకెందుకు?" డబ్బాలు ఒక్కొక్కటే చంకలోకి చేరుతున్నాయి. "ముక్కలు ఎంత మందాన కోస్తావు?"

"పులుసుకైతే రెండేళ్ల మందం అండి."

"అదీ లెక్క. హైదరాబాద్‌లో పల్చగా కోసేసి చేపను అప్పడం చేస్తారు."

అశోక్ లోపలినుంచి పాత పేపర్లు, టేపు చుట్టా తెచ్చాడు. బోదెలోకి కత్తి, పెట్టెలోకి పీట, చుట్టూ పేపర్లు. టేపు నాలుగు చుట్లు తిరిగింది. పెట్టె మీద చీటీ అంటించేసరికి ఎనిమిదీ ఇరవై ఏడు. పెట్టె బెల్టు మీద కదిలి రబ్బరు తెరల వెనక్కి పోయింది. తనదయ్యాక పీట ఆమెను వదిలి వెళ్లడం అదే మొదలు. తెరలు ఊగడం ఆగేదాకా అక్కడే నిలబడి చూసింది.

తిరిగి తనిఖీకి వెళ్తే తబిత చేతిలోని పరికరం ఆమె గాజుల దగ్గర కుయ్యిమంది. గాజులకు ఏడు పిన్నీసులు వేలాడుతున్నాయి.

"ఇవీ కింద పెడతారా?" అంది తబిత.

"వీటికి పట్టింపు లేదండి. కావాలంటే ఒకటుంచుకోండి."

"వద్దులెండి, పిన్నీసులకి నియమం ఏం లేదు. వెళ్లిరండి. పెళ్లి బాగా జరగాలి."

విమానం లేచాక కిటికీలోంచి గోదావరి కనిపించింది. లంకలు పులుసులో తేలుతున్న ముక్కల్లా ఉన్నాయి. నాగదుర్గ వాటిని చూసి, ఏ ముక్క ఎవరికి వడ్డించాలో లెక్కేసుకుంటూ కూర్చుంది. పక్క వరసలో బుజ్జిబాబు గారు ఒళ్లో డబ్బాలు కౌగిలించుకుని నిద్రపోయారు.

హైదరాబాద్‌లో సామాన్లు బెల్టు మీద తిరుగుతూ వస్తున్నాయి. పది పెట్టెలొచ్చాయి. ఇరవై వచ్చాయి. నాగదుర్గ లెక్కపెట్టడం మానేసింది. ఎక్కేముందే పీట సంగతి విన్న రాముడు ఫోన్ చేశాడు.

"వచ్చిందా?"

"వచ్చానయ్యా."

"నువ్వొస్తావని తెలుసు. పీట వచ్చిందా?"

అప్పుడే రబ్బరు తెరలు ఊగాయి. పూతరేకుల పెట్టె వెల్లకిలా పడుకుని నిదానంగా వచ్చింది. ఎవరి చేతిలోంచీ కాదు, దానంతటదే. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లెవరో అత్తగారిలాంటి మనిషే అయి ఉంటారని ఆమెకు తోచింది. పెట్టె అందుకుంటుంటే పక్కనున్న ఒక చుడీదారామె దాని మీది పేరు చదివి ఆసక్తిగా అడిగింది.

"ఆత్రేయపురానివా? పంచదారవా, బెల్లానివా?"

"ఇనుపవండి," అంది నాగదుర్గ.

సుధాకర్ కారు తెచ్చాడు. మండపం విమానాశ్రయానికి దగ్గరే. పదకొండు గంటలకు ఆమె కల్యాణమండపం వెనక పందిట్లో కొంగు దోపుకుని పీట మీద కాలు వేసింది. ఇద్దరు ఆడవాళ్లు పొలుసు గీకి అందిస్తుంటే, చేప కత్తికి ఆనుతోంది, ముక్కగా దిగుతోంది. తలలు ఒకవైపు, పొట్ట ముక్కలు ఒకవైపు, తోకలు ఒకవైపు. మొదటి గంటలో పదిహేను చేపలయ్యాయి. సుధాకర్ రెండుసార్లు వచ్చి గడియారం చూపించాడు. మూడోసారి వచ్చినప్పుడు పాతికో చేప తోక తెగుతోంది. అతను గడియారం ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నాడు.

ఒంటిగంటా పదికి పులుసు వడ్డనకు వెళ్లింది. మూడో బంతి లేచేసరికి గిన్నెల అడుగు కనిపించింది. నాగదుర్గ చేతులు కడుక్కుని, పీటను కడిగి గోడకు ఆనించి, పొయ్యిల పక్కనే విస్తరి వేసుకుంది. సుధాకర్ ఆమెకోసం దాచిన పొట్ట ముక్కలు వేశాడు.

రెండో ముద్ద కలుపుతుండగా పెళ్లికూతురి మేనమామ వంటపందిట్లోకి వచ్చాడు. పట్టుపంచె, నుదుటన చెమట, మూతికి ఇంకా పులుసు.

"సుధాకరూ, ముక్క చెదరలేదు, ముల్లు విరగలేదు. ఎవరయ్యా కోసింది?"

నాగదుర్గ నోటినిండా అన్నం ఉంది. ఎడం చేత్తో తన వైపు చూపించుకుని, కుడిచేత్తో ఇంకో ముక్క అందుకుంది.