ఎముక లేని చోట కట్టు

ముందే చెబుతున్నాను, నాకు నా మీద జాలి లేదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, అంతే.

మెదక్‌లో మా తాత, అబ్బా అని పిలిచే మా నాన్న, ఇప్పుడు నేను, విరిగిన కాళ్లకూ చేతులకూ కట్లు కట్టి బతికినవాళ్లం. మమ్మల్ని పహిల్వాన్లంటారు. శివ్వంపేట నుంచి కూడా ఆటోలు మాట్లాడుకుని వస్తారు. గుడ్డు సొన, మినప్పిండి, వెదురు దబ్బలు, గట్టి గుడ్డ. ఇదే నా దవాఖాన. పెద్ద దవాఖానకు పోతే కోసి పడేస్తారని వచ్చినవాళ్లందరికీ చెప్పిన మొనగాణ్ణి నేను.

ఏడాది కింద, నా భార్యతో కలిసి ఉన్నప్పుడు, అంగంలో కలుక్కుమంది. కేక పెట్టాను. "ఏమైంది?" అని కంగారుగా అడిగింది. "నోర్ముయ్" అన్నాను. కొన్ని వారాలకు పైభాగాన శనగ గింజంత గట్టి గడ్డ చేతికి తగిలింది. గట్టిపడినప్పుడల్లా అంగం పైకి వంగిపోయేది, ప్రాణం పోయేంత నొప్పి.

తెలివి ఉన్నవాడైతే డాక్టరు దగ్గరికి పోయేవాడు. నేను పహిల్వాన్ని కదా! బెణికింది అనుకున్నాను. నూనె రాసి లాగాను. సన్నని దబ్బ పెట్టి కట్టాను. ఎముకే లేని చోట కట్టు! వాచింది. కట్టు చాల్లేదనుకుని ఇంకా బిగించాను. నా దగ్గరికి వచ్చినవాడెవడైనా ఇట్లాంటి పని చేసి ఉంటే చెంప పగలగొట్టేవాణ్ణి.

ఈ భాగోతం ఆమెకు తెలియకూడదని నా పక్కను ముందు గదిలోకి మార్చాను. ఆమె దగ్గరికి వస్తే కసిరాను. టీ చల్లగా ఉందని అరిచాను, వేడిగా ఉందనీ అరిచాను.

ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి సంచి సర్దుకుని గడప మీద కూర్చుంది.

"ఎవతె అది?" అంది.

"ఎవతీ లేదు."

"మరి నేనేం పాపం జేసిన? ఏడాది సంది నాకు వీపు జూపిస్తున్నవ్. ఎల్దుర్తి తల్లిగారింటికి పోత. మా అన్నలొచ్చి అడుగుతరు నిన్ను."

వాళ్ల అన్నలు అడిగితే వీధి వీధంతా వింటుంది. అందుకే చెప్పాను, అదీ అరుస్తూ చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వినా బాగుండేది.

"కట్టు గట్టుకున్నవా? నాకు చెప్పుడు కంటె గదే సులువైందా నీకు?" అంది. సంచి మాత్రం విప్పలేదు. సోమవారం పట్నం డాక్టరు దగ్గరికి నాతో వచ్చింది, ఆ సంచి పట్టుకునే వచ్చింది.

డాక్టరు నా మాట సగం విని, "చేతులు జూపియ్యండ్రి" అన్నాడు.

"రోగం చేతికి గాదు సార్," అన్నాను కోపంగా. అయినా చాపాను. నా ఎడమ ఉంగరపు వేలు రెండేళ్లుగా అరచేతిలోకి వంగి ఉంది. కట్లు బిగించీ బిగించీ అట్లా అయిందనుకున్నాను.

"ఈ వేలుకూ ఆ వంపుకూ చుట్టరికం ఉంటది," అన్నాడు. వేలు కొసన నెత్తురు తీసి చూస్తే షుగర్ కూడా ఉంది. "లోపలి పొర జరంత చినిగింది. మానేటప్పుడు గట్టి మచ్చ పడ్డది. మచ్చ సాగదు, అందుకే అటు గుంజుతున్నది. క్యాన్సర్ గాదు, భయపడకుండ్రి. నొప్పి ఎన్ని దినాలసంది?"

"రెండు నెల్లు."

"అబద్ధం సార్," అంది నా భార్య. "ఏడాది. ఆ దినం ఏమైందని అడిగితే నోర్ముయ్ అన్నడు."

డాక్టరు కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. నా చెవులు కాలిపోయాయి. ఆమె మీద ఎంత కోపం వచ్చిందో! మెదక్ దాకా ఓపిక పట్టి అక్కడ దులిపేద్దామనుకున్నాను. నా బుద్ధి అది.

"నొప్పి శానామందికి దానంతటదే తగ్గుతది. వంపు మాత్రం ఊరికే పోదు," అన్నాడు డాక్టరు. "కొందరికి గడ్డలోకి సూది ఇస్తం, కొందరికి ఆపరేషన్ జేస్తం. ఏదైనా, వంపు మారుడు ఆగినంకనే. మీరు లాగి లాగి దాన్ని మాననియ్యలే. షుగర్ అదుపుల పెట్టుండ్రి. ఆరు నెల్లు దాన్ని లాగకుండ్రి, కట్టకుండ్రి. ఆగి చూద్దాం."

మెదక్ బస్టాండులో దిగాం. ఎల్దుర్తి బస్సు నిలబడి ఉంది. ఆమె అటు నడిచింది.

"మందు ఉందన్నడు గదా!" అన్నాను. "ఇంకెందుకు పోతున్నవ్?"

"నీ రోగం జూసి పోతలేను," అంది. "రోగమని ఆ దినమే చెప్తె నీ పక్కనే ఉంటుంటి. ఏడాది నన్ను అనుమానంల కుళ్లబెట్టినవ్. డాక్టర్ ఆరు నెల్లు ఆగి చూద్దామన్నడు గదా. నేను గూడ ఆగి చూస్త."

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. బస్సు కదిలింది.

ఎముక విరిగినవాళ్లకల్లా నేను చెప్పేది ఒకటే మాట, కదలకుండా ఉండు, అదే అతుక్కుంటది అని. ఆ మాట చెప్పే నేను బస్సు వెనకాల పరుగెత్తాను.